మనసా... ‘వాచా’!

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం వ్రాశారు. వారి కుమారుడు పై చదువుకు లండను వెళ్ళి నాలుగు నెలలయింది. వారానికి రెండు మార్లు ఫోను చేస్తాడట. మొన్న మాటల సందర్భంలో, “అమ్మా, నేనుండే ఇంటి క్రింద కూరల అంగడి ఉంది. ఆ అంగడి ముసలాయన రోజూ నన్ను చూడగానే ‘వాచా’ అంటాడు. అదేమిటో తెలియక నవ్వి ఊరుకుంటున్నాను” అన్నాడట. “మనసా వాచా కర్మణా అంటామే, ఆ వాచాయేనా ఇది? తిట్టు కాదు గదా? మావాడు దానికి ఏమని జవాబు చెప్పాలి?” అని ఆమె ప్రశ్న. ఉత్తరం అడుగున మరొక్క వాక్యం చేర్చారు. “అక్కడ అందరూ పలకరిస్తారు గాని, ఎవరూ నిలబడరట.”

పై ప్రశ్నలకు జవాబు చెప్పడం తేలిక. ఆ చివరి వాక్యమే రెండు రోజులు నా వెంట తిరిగింది.

ముందుగా ఆ తల్లికి ధైర్యం చెబుతాను. అది తిట్టు కాదు. సంస్కృతమూ కాదు. లండనులో పనిపాటలు చేసుకొనే జనం, అందులోనూ తూర్పు పేటలవారు, ఎదురుపడ్డప్పుడు అనుకొనే పలకరింపు. మన ప్రొద్దుటూరు వీధుల్లో ‘ఏంబ్బా!’ అన్నట్టే ననుకోండి. కచేరీలో పై అధికారిని చూచి ‘ఏంబ్బా’ అంటామా? అనము. తెలిసినవాడినీ, తనవాడనుకొన్నవాడినీ అంటాము. ఆ ముసలాయన మీ అబ్బాయిని ‘వాచా’ అంటున్నాడంటే, వాడిని తన వీధివాడిగా లెక్క వేసుకొన్నాడన్నమాట.

ఇక ఆ మాట పుట్టుక. ఇంగ్లీషులో ‘వాట్ ఛీర్’ అనే రెండు మాటలు కలిసి, జనం నోట అరిగి అరిగి ‘వాచా’ అయింది. మన ‘ఏమి అబ్బా’ కాస్తా ‘ఏంబ్బా’ అయినట్టే. దాన్ని చెవిని బట్టి ఊహించి, “వాట్ ఆర్ యూ” అనేవారూ, “వాచ్ యూ” అనేవారూ ఉన్నారు. కాదు. ఇది పదిహేనవ శతాబ్దం నాటికే ఇంగ్లండులో వాడుకలో ఉన్న పాత పలకరింపు. షేక్స్పియరు ‘టెంపెస్ట్’ నాటకం 1611లో ఇంగ్లండు రాజు ఎదుట ఆడారు. తెర లేవగానే సముద్రం మీద తుపాను, ఓడ తల్లడిల్లుతూ ఉంటుంది. అంత కంగారులోనూ ఒక నావికుడు తన యజమానిని ‘వాట్ ఛీర్’ అనే అడుగుతాడు. ఓడ మునిగేటప్పుడైనా సరే, మనిషిని మనిషి ముందు పలకరించవలసిందే గదా!

‘ఛీర్’ అంటే ఏమిటి? సంతోషమనీ, ఉత్సాహమనీ మనం బళ్ళో నేర్చుకొన్నాం. మొదట దాని అర్థం అది కాదు. పాత ఫ్రెంచి భాషలో ‘షియెర్’ అంటే ముఖం. దానికి మూలం లాటిన్. ఫ్రెంచివారు ఇంగ్లండును జయించిన తరువాత వారితోపాటు ఆ మాటా ఇంగ్లీషులోకి వచ్చింది. ముఖం అన్న అర్థం నుంచి ముఖంలో కనిపించే భావం, అక్కడినుంచి మనసు తీరు, అందులోనూ మంచి మనసు, అంటే సంతోషం, అని అర్థం మెల్లగా జరుగుతూ వచ్చింది. చిరునవ్వు ముఖంతో అతిథికి పెట్టే భోజనాన్ని కూడా ‘మంచి ఛీర్’ అన్నారు. ఇవాళ గ్లాసులు ఎత్తి ‘ఛీర్స్’ అనే మాటా ఈ కుటుంబంలోదే. కనుక ‘వాట్ ఛీర్’ అంటే అసలు అర్థం ‘నీ ముఖం ఎట్లా ఉంది?’ అని. మన ఇండ్లలో అవ్వలు బడినుంచి వచ్చిన పిల్లవాడిని చూచి “ఏం నాయనా, మొకం అట్ల వాడిపోయింది?” అంటారే, సరిగా అదే ప్రశ్న. భాష ఏదయినా, మనిషి మనసు చదవడానికి దేవుడు ఇచ్చిన పుస్తకం ముఖమే గదా!

ఈ పలకరింపు సముద్రాలు కూడా దాటింది. 1636లో రోజర్ విలియమ్స్ అనే క్రైస్తవ బోధకుణ్ణి, ఆయన మతాభిప్రాయాలు గిట్టక, అమెరికాలో తోటి ఇంగ్లీషువారే తమ వలసనుంచి వెళ్ళగొట్టారు. ఆయన పడవ మీద ఏరు దాటి వస్తుంటే ఒడ్డునున్న నారగాన్సెట్ తెగవారు “వాట్ ఛీర్, నేటాప్” అని పిలిచారని అక్కడివారు తరతరాలుగా చెప్పుకొంటారు. ‘నేటాప్’ అంటే వారి భాషలో స్నేహితుడు. సొంతవారు తరిమేస్తే పరాయివారు వారి భాషలోనే పలకరించారన్నమాట! ఆయన నెలకొల్పిన ప్రావిడెన్స్ నగరపు ముద్ర మీద ఈనాటికీ ‘వాట్ ఛీర్’ అన్న మాటలు ఉన్నాయి. అమెరికాలోనే అయోవా రాష్ట్రంలో ఏకంగా ‘వాట్ ఛీర్’ అనే పేరుతో ఒక ఊరున్నది. మనకు ‘ఏంబ్బాపల్లె’ ఉన్నట్టు!

లండనులో ఈ మాటకు పేరు తెచ్చినవాడు ఆల్బర్ట్ షెవాలియే అనే రంగస్థల గాయకుడు. 1891లో ఆయన పాడిన పాట పేరులోనే ‘వాచర్’ ఉంది. బండి మీద కూరలూ పండ్లూ అమ్ముకొనే ఒక బీదవాడికి మామ చనిపోతూ ఒక గాడిద బండిని వదిలి వెళతాడు. భార్యతో ఆ బండెక్కి వీధిలో రాగానే ఇరుగుపొరుగు అంతా ఎగబడి ‘వాచర్!’ అని కేకలు వేస్తారు. ఆ పాట కథ అది. కలిగినవానికి అందరూ చుట్టాలే అన్న మన సామెత అక్కడా చెల్లుతుంది. ఈనాటి పిల్లలకు చెప్పాలంటే, 2003లో వచ్చిన హారీ పాటర్ ఐదవ పుస్తకంలో టాంక్స్ అనే చిలిపి అమ్మాయి హారీని పలకరించే మాట ఇదే. మీ ఇంట్లో ఆ పుస్తకాలు చదివే పిల్లలుంటే అడిగి చూడండి. మనకంటే ముందు వారే చెబుతారు.

ఇంగ్లీషు పలకరింపుతో మనకేం పని అంటారా? మనం తీర్చవలసిన బాకీ ఒకటి ఉంది. 1820లో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను అనే ఇరవైయొక్క ఏండ్ల దొర ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. కడపలో బంగళా కొని, పండితులను పిలిచి, జీతాలిచ్చి, మన తాళపత్రాలు వెదికించి వ్రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో ఆయన తెలుగు నిఘంటువు వెలువడింది. పండితుల మాటలే కాదు, సంతలో మాట, పొలంలో మాట కూడా అందులోకి ఎక్కించాడు. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం నడుస్తున్నది. ఆయన 1855లో స్వదేశం వెళ్ళి, 1884లో లండనులోనే కన్నుమూశాడు. లండను వీధి మాట మన బ్రౌనుకు కొత్త కాదు, కడప వీధి మాటా కొత్త కాదు. ఆయన మన మాటలు వేలు పోగుచేశాడు. మనం వారి మాట ఒక్కటి పోగుచేస్తే తప్పేముంది?

మాట వచ్చింది కనుక మన వీధుల సంగతీ చూద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళూ పాత రేనాటి సీమలోనివి. తెలుగులో మనకు దొరికిన తొలి శాసనాలలో మొదటిదిగా చెప్పే కలమల్ల శాసనం, క్రీస్తుశకం 575 ప్రాంతానిది, ఎర్రగుంట్ల మండలంలోనే ఉన్నది. పద్నాలుగు వందల యేండ్లుగా తెలుగు మాట్లాడుతున్న నేల ఇది. అయినా కోస్తా చుట్టాలు మన ఇంటికి వస్తే, మనం “బాగుండారా?” అనగానే మూతి బిగించి నవ్వు ఆపుకొంటారు. ‘బాగున్నారా’ అనాలట! ధాతువు ‘ఉండు’ అయినప్పుడు, ఆ ‘ండ’ను పోగొట్టుకోకుండా దాచుకొన్నది మనమా, వారా? నవ్వేవారిని నవ్వనివ్వండి.

‘ఏంబ్బా’లోని అబ్బ కూడా తక్కువవాడు కాడు. మన ఇండ్లలో అవ్వా అబ్బా అంటే నాయనమ్మా తాతాను. పాత తెలుగులో అబ్బ అంటే తండ్రి. బడికి పోయే బుడతణ్ణి “ఏంబ్బా” అన్నా, “ఏం నాయనా” అన్నా, వాడిని తండ్రీ అని పిలిచినట్టే. ఇంగ్లీషువాడు ముఖం అడిగితే, మనం వంశం తలుచుకొంటాము.

ఊరును బట్టి పలకరింపు మారుతుంది. ప్రొద్దుటూరులో అంగడి వీధిన ఇద్దరు కలిస్తే, “ఏంబ్బా, బంగారం ఎట్లుంది?” అని మొదలుపెడతారు. బంగారం కొనే ఉద్దేశం ఇద్దరికీ ఉండదు. జమ్మలమడుగు పక్క నల్లరేగడి చేలల్లో “పదునైందా?” అంటారు. శనగ వేయడానికి నేల తడిసిందా అని. పులివెందులలో చీనీతోటలవాడు, అరటితోటలవాడు కలిస్తే “బోర్లో నీళ్ళుండాయా?” అంటారు. ఆడవారి లోకం వేరు. మిద్దె మీదనుంచి మిద్దె మీదికి, పది గంటల వేళ “ఏం కూరమ్మా?” అన్న కేక వినిపించని వీధి మన సీమలో లేదు. ఎవరైనా “వంకాయ” అంటే, “మాదీ అదే” అని ఇటునుంచి జవాబు. వంకాయతో పని లేదు. ఇద్దరూ ఉన్నారు, బాగున్నారు, పొయ్యి వెలిగింది. తెలియవలసింది అంతే.

“అన్నం తిన్యావా?” అన్నది వీటన్నిటికీ పెద్దక్క. మధ్యాహ్నం మూడు గంటలకు అడిగినా, రాత్రి పది గంటలకు అడిగినా అదే ప్రశ్న. ఇతర ప్రాంతాలవారికి వింతగా ఉంటుంది. 1876 మొదలు 1878 వరకు ఈ సీమను పీల్చి పిప్పిచేసిన ధాత కరువును తలచుకొంటే వింత ఉండదు. తినడం ఖాయం కాని నేలలో, తిన్నావా అనడం కంటె దగ్గరి మాట మరొకటి లేదు.

మరి ప్రయాణమై గడప దాటేవాణ్ణి “యాడికి?” అనకూడదు. అపశకునం. “ఎందాకా?” అనాలి. దానికి జవాబు “ఇక్కడిదాకా” అని. అడిగినవాడికి ఏమీ తెలియదు, చెప్పినవాడు ఏమీ చెప్పలేదు, కాని ఇద్దరికీ తృప్తి! అట్లాగే సెలవు తీసుకొనేవాడు ‘పోతాను’ అనడు, ‘పోయొస్తా’ అంటాడు. ఇంగ్లీషువాడి ‘గుడ్ బై’ కూడా ‘దేవుడు నీకు తోడుండుగాక’ అన్న పాత వాక్యం అరిగిపోగా మిగిలిన ముక్కే.

చూచారా, పలకరింపులన్నీ ప్రశ్నలే, కాని వాటిలో జవాబు కోరేవి తక్కువ. ఇంగ్లీషువాడు “హౌ డూ యూ డూ” అంటే, అవతలివాడు తిరిగి “హౌ డూ యూ డూ” అంటాడు. “ఆల్ రైట్?” అంటే “ఆల్ రైట్” అంటాడు. ‘వాచా’ అంటే ‘వాచా’ అంటాడు. మన ‘ఏంబ్బా’కు ‘ఏంబ్బా’ అనుకోమూ? కొత్తగా పోయిన మన పిల్లవాడు ఆ “ఆల్ రైట్?” విని, పాపం, నిలబడి, నిన్న రాత్రి జలుబు చేసిన వైనం చెప్పబోతాడు. వాడు తలెత్తేసరికి అడిగినవాడు పది అడుగులు ముందుంటాడు. అది నిర్లక్ష్యం కాదు. “నువ్వున్నావు, నేను చూచాను” అని చెప్పి వెళ్ళాడు.

అంతేనా, ఆ మాత్రానికి విలువేమిటి అంటారేమో. దాని విలువ అది లేనప్పుడు తెలుస్తుంది. మన సీమలో ఒక మాట ఉంది. “వాళ్ళకూ మాకూ మాటల్లేవు.” వినేవారు ఆ తరువాత ఏమీ అడగరు. అంతకంటె పెద్ద మాట లేదు గనుక. ఎన్ని ఊళ్ళలో ఎన్ని సంసారాలు ఆ ఒక్క వాక్యంతో తెగిపోయాయో, ఎన్ని గొడవలకు అదే తొలి మెట్టు అయిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మా తల్లిగారి ఊరు ముద్దనూరు నుంచి పులివెందులకు పోయే దారిలో ఒక చిన్న పల్లె. నాకు ఇద్దరు మేనమామలు. బావి ఒకటే, కపిల వంతులు రెండు. ఒక ఎండకాలం వంతు దగ్గర తగువు వచ్చింది. “నీ మొకం చూడను” అని పెద్దమామ, “నేనూ అంతే” అని చిన్నమామ. ఇంటి నడుమ గోడ లేచింది. తొమ్మిదేండ్లు మాటల్లేవు. కాని వ్యవసాయం ఆగుతుందా? సెలవులకు వెళ్ళిన నేను ఇద్దరికీ తపాలా బంట్రోతును. పెద్దమామ గోడ వైపు తిరిగి, “రేయ్, రేపు తెల్లారి వంతు మాదని చెప్పు” అనేవాడు. గోడ అవతలనుంచి, నేను నోరు తెరవకముందే, “యిన్యానని చెప్పు” అని చిన్నమామ. ఇద్దరిదీ ఒకటే గొంతు. పొద్దున కళ్ళు మూసుకొని వింటే ఎవరు మాట్లాడారో చెప్పలేము.

పెద్దమామ కూతురి పెండ్లి వచ్చింది. మాటల్లేనివారిని పిలవరు. మా పెద్దత్త మాత్రం, భర్తకు తెలియకుండా, నా చేతిలో పసుపుబియ్యం పెట్టి గోడ అవతలికి పంపింది. చిన్నమామ వాటిని తీసుకొని తుండుగుడ్డ కొంగున ముడివేసుకొన్నాడు, మాట అనలేదు. పెండ్లినాడు తాళి కట్టేవేళకు చూస్తే, పందిరి చివరి గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాడు, వెనక్కు పోడు. జనమంతా చూచి చూడనట్టున్నారు. పెద్దమామ ఏదో పనిమీద అటు వచ్చి, తలెత్తి, తమ్ముడి ముఖం చూచాడు. ఒక్క క్షణం ఆగి, “ఇప్పుడారా వచ్చేది? పో, వడ్డన కాడ మనుషులు చాల్లేదు” అని కసిరాడు.

చిన్నమామ దానికి ఇచ్చిన జవాబు నాకు ఈనాటికీ గుర్తే. “గరిటె యాడుండాది?” అన్నాడు.

అంతే. క్షమాపణలు లేవు, కౌగిలింతలు లేవు. బావి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం గోడ ఇవతల ఒక మంచం, అవతల ఒక మంచం ఉండవలసిన చోట, ఇవతలే రెండు మంచాలు పడ్డాయి. గోడ కొట్టేయలేదు. చాలాకాలం దాని మీద వడియాలు ఎండబెట్టుకొన్నారు.

నిఘంటువు తిరగేస్తే ‘ఇప్పుడారా వచ్చేది’ అన్నది మందలింపు. ఆ పందిట్లో అది పలకరింపు. మాటలో ఉన్నదాని కంటె, ముఖం చూచి అనడంలో ఉన్నదే ఎక్కువ. తగువుకు మనం పెట్టిన పేరు ‘మొకం చూడకపోవడం’ అయితే, పలకరింపుకు పాతకాలపు ఇంగ్లీషువాడు పెట్టిన పేరు ‘ముఖం ఎట్లా ఉంది’ అని. ఏడు సముద్రాలకు ఇవతల ఒకరూ అవతల ఒకరూ ఉండి, రెండు భాషలవారు ఒకే సంగతి కనుక్కొన్నారు.

కనుక సోదరీ, మీ అబ్బాయికి ఇట్లా చెప్పండి. రేపు ఆ ముసలాయన ‘వాచా’ అంటే, నవ్వి ఊరుకోవద్దు. తిరిగి ‘వాచా’ అనమనండి. జవాబు అదే. నాలుగు దినాలయ్యాక వాన మాట ఒకటి కలపమనండి. అక్కడివారికి వాన మాట అంటే ప్రాణం. మనకు పడక, వారికి ఆగక, వాన మీద మాట్లాడుకోవడంలో మాత్రం లండనూ కడపా తోబుట్టువులే. ఆ తరువాత ఒకనాడు రెండు వంకాయలు కొని, అవి ఎట్లా వండాలో ముసలాయనకు చెప్పమనండి. వంకాయ కూర మాట ఎత్తితే ఎవరయినా కాసేపు నిలబడతారు. పలకరింపు అన్నది తలుపు మీద తట్టడం వంటిది. అవతలివాడు తట్టాడు. తలుపు తీయవలసినవాడు మీవాడే.

మీరు కూడా ఫోనులో “తిన్యావా?” అని అడగడం మానకండి. చాదస్తమని వాడు విసుక్కొన్నా సరే. అయితే ఇప్పటి ఫోనులలో ముఖం కనిపిస్తుంది గదా. అడిగిన తరువాత జవాబు వినడం కంటె ముందు, ఆ ముఖం ఒక్కసారి చూడండి. ‘వాట్ ఛీర్’కు అసలు అర్థం అదే.

పాఠకులకు ఒక మనవి. మీ ఊళ్ళో, మీ వీధిలో, మీ ఇంట్లో మాత్రమే వినిపించే పలకరింపు ఏదైనా ఉంటే ఒక కార్డు ముక్క వ్రాసి పంపండి. దానికి ఏమని బదులు చెబుతారో కూడా వ్రాయండి. ఈ కార్డు వ్రాయడానికి కూర్చునే ముందు, మాటల్లేనివారు ఎవరైనా మీకుంటే, ఆ పక్కకు ఒకసారి చూచి, “ఏం కూర?” అని అడిగి రండి. ఏమో, మాదీ అదే అంటారేమో!